యాత్రకు వెళ్తున్నాం, ఫోన్ ఇంట్లోనే వదిలేయాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు 58 ఏళ్లు. మా వారు రిటైరయ్యారు. ఈ వేసవిలో మేమిద్దరం, మా ఆడబిడ్డ కలిసి కాశీ, అయోధ్య చూసుకుని, హరిద్వార్ మీదుగా కేదార్‌నాథ్, బదరీనాథ్ వెళ్దామనుకుంటున్నాం. మా వారిది బటన్ ఫోన్. మా ఆడబిడ్డకు ఫోన్ ఎత్తడం, పెట్టేయడం తప్ప ఏమీ తెలియదు. బ్యాంకు యాప్, ఫోన్‌పే, రైలు టికెట్లు అన్నీ నా ఫోన్‌లోనే. మా అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. స్టేషన్‌లో చార్జింగ్ పెట్టొద్దు, వైఫై కలపొద్దు, వీపీఎన్ వేసుకో అని రోజూ చెప్తున్నాడు. మా వీధిలో ఒకావిడ ఆన్‌లైన్‌లో గది బుక్ చేస్తే డబ్బు పోయింది, గదీ దొరకలేదు. నాకు మోకాళ్ల నొప్పులు. కేదార్‌నాథ్‌కు హెలికాప్టర్ టికెట్లు ఇప్పిస్తామని ఫేస్‌బుక్‌లో ఒక పేజీ కనబడింది. మనిషికి 2 వేలు అడ్వాన్స్ పంపమంటున్నారు. పంపొచ్చా? మా వారేమో అసలు ఆ ఫోనే ఇంట్లో పడేసి రమ్మంటున్నారు. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ముందు ఆ అడ్వాన్స్ పంపకండి. మిగతా జవాబు తీరిగ్గా చదువుకోవచ్చు. ఒకవేళ ఈ ఉత్తరం రాశాక పంపేసి ఉంటే, ఇది చదవడం ఆపి, సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోన్ చేయండి. ఆ నంబరు గురించి కింద చెప్తాను.

మీ అబ్బాయి చెప్పినవాటిలో అబద్ధం లేదు. కానీ ప్రయాణాల్లో మనవాళ్ల డబ్బు పోయే దారులు చూస్తే స్టేషన్ చార్జరూ, వైఫైయూ వరసలో చాలా వెనక ఉంటాయి. ఎక్కువగా పోయేది రెండు చోట్ల. ఒకటి, ఇంకా ఇంట్లో ఉండగానే, బుకింగుల దగ్గర. రెండోది, ఫోన్ చేయి జారినప్పుడు. మొదటిది మీ గుమ్మం దాకా వచ్చేసింది కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

కేదార్‌నాథ్ హెలికాప్టర్ టికెట్లకు ఇంత మోసం ఎందుకు పుట్టిందంటే, అడిగేవాళ్లు ఎక్కువ, సీట్లు తక్కువ. గౌరీకుండ్ నుంచి గుడికి దాదాపు 16 కిలోమీటర్ల నడక. మీలాగే మోకాళ్ల నొప్పులున్న లక్షల మందికి హెలికాప్టర్ కావాలి. గుప్తకాశీ, ఫాటా, సేర్సీ హెలిపాడ్ల నుంచి తిరిగే ఆ షటిల్ టికెట్ల ఆన్‌లైన్ అమ్మకం 2023 నుంచి ఐఆర్‌సీటీసీ చూస్తోంది. దాని వెబ్‌సైట్ హెలీయాత్ర డాట్ ఐఆర్‌సీటీసీ డాట్ కో డాట్ ఇన్. టికెట్లు విడతలుగా వదులుతారు, వదిలిన కొద్దిసేపటికే అయిపోతాయి. దొరకనివాళ్లు ‘ఇంకెక్కడైనా ఉన్నాయేమో’ అని ఫేస్‌బుక్‌లో, గూగుల్‌లో వెతుకుతారు. మోసగాళ్లు కాచుకుని ఉండేది అక్కడే. కేంద్ర హోం శాఖ కింద పనిచేసే సైబర్ నేరాల సమన్వయ కేంద్రం 2025 ఏప్రిల్‌లో ప్రత్యేకంగా దీనిమీదే హెచ్చరిక ఇచ్చింది. హెలికాప్టర్ టికెట్లు, చార్‌ధామ్ గదులు, ట్యాక్సీలు, యాత్రా ప్యాకేజీలు అన్నీ అందులో ఉన్నాయి.

వాళ్ల పని ఇలా సాగుతుంది. పేజీలో హెలికాప్టర్ ఫొటోలు, మంచుకొండలు, కింద ‘థాంక్యూ సర్, చక్కగా దర్శనం అయింది’ అని పొగడ్తలు. మీరు అడగగానే మాట వాట్సాప్‌లోకి మారుతుంది. మీ పేర్లు, ఆధార్ నంబర్లు తీసుకుంటారు. కొద్దిపాటి అడ్వాన్స్ కట్టగానే అచ్చం టికెట్‌లా ఉండే ఒక పీడీఎఫ్ వస్తుంది. తర్వాత మిగతా డబ్బు, ఆ తర్వాత ‘తిరిగిచ్చే ఇన్సూరెన్స్’, ఆపైన జీఎస్టీ. ఎక్కడో మీకు అనుమానం వచ్చేదాకా అడుగుతూనే ఉంటారు. అనుమానం రాకపోతే హెలిపాడ్ దగ్గర ఆ టికెట్ చెల్లదని తెలుస్తుంది. అప్పటికి మీరు ఇల్లు వదిలి రెండు వేల కిలోమీటర్ల దూరం వచ్చేసి ఉంటారు.

మీకు కొన్ని పనులు వరసగా చేయాల్సి ఉంటుంది. ముందు ఉత్తరాఖండ్ ప్రభుత్వం దగ్గర చార్‌ధామ్ యాత్ర రిజిస్ట్రేషన్. దాని వెబ్‌సైట్ పేరు రిజిస్ట్రేషన్‌అండ్‌టూరిస్ట్‌కేర్ డాట్ యూకే డాట్ గవ్ డాట్ ఇన్. ఆ రిజిస్ట్రేషన్ లేకుండా హెలికాప్టర్ టికెట్ బుక్ కాదు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలా మోసాలు అక్కడే దొరికిపోతాయి. రిజిస్ట్రేషన్ నంబరు అడగకుండా అడ్వాన్స్ అడిగినవాడు టికెట్ ఇవ్వలేడు. బుకింగ్ తెరిచే రోజు మీ అబ్బాయిని బెంగళూరులో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టండి. ఆ తొందరలో వేళ్లు ఆడాల్సింది వాడివే. టికెట్ దొరక్కపోతే గౌరీకుండ్ దగ్గర డోలీ, గుర్రం ఉంటాయి. హెలికాప్టర్ లేకపోతే యాత్రే లేదన్నట్టు మనసు పెట్టుకోకండి. ఆ తొందరే మోసగాడికి పెట్టుబడి.

వెబ్‌సైట్ పేరు చదవడం మీకు నేర్పాలి. ఇది యాత్ర అయ్యాక కూడా పనికొస్తుంది. మన ఇంటిపేరు ముందు వస్తుంది కదా, వెబ్‌సైట్‌కు ఇంటిపేరు చివర వస్తుంది. అందుకే అడ్రసును వెనక నుంచి చదవాలి. హెలీయాత్ర డాట్ ఐఆర్‌సీటీసీ డాట్ కో డాట్ ఇన్ అన్నప్పుడు, ‘కో డాట్ ఇన్’కు సరిగ్గా ముందున్న మాట ఐఆర్‌సీటీసీ. అంటే ఆ సైట్ ఐఆర్‌సీటీసీది. అదే చుక్క ఉండాల్సిన చోట చిన్న గీత పెట్టి ‘హెలీయాత్ర-ఐఆర్‌సీటీసీ’ అని రాస్తే, అది మొత్తం ఒకే కొత్త పేరు. ఎవరైనా కొద్ది వందలు పెట్టి కొనుక్కోవచ్చు. ఐఆర్‌సీటీసీకీ దానికీ చుట్టరికం లేదు. పేరులో ఎక్కడో ఐఆర్‌సీటీసీ అని, కేదార్‌నాథ్ అని, టీటీడీ అని కనబడితే సరిపోదు, చివర ఎవరున్నారో చూడాలి. ‘గవ్ డాట్ ఇన్’తో ముగిసేవి ప్రభుత్వానికి తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. డాట్ ఓఆర్‌జీ, డాట్ కామ్, ఉత్త డాట్ ఇన్ మాత్రం ఎవరైనా తీసుకోవచ్చు. చాలామంది ‘ఓఆర్‌జీ అంటే ట్రస్టు కదా’ అనుకుంటారు. ఆ నమ్మకానికి ఆధారం లేదు. అడ్రసు పక్కన తాళం గుర్తు ఉంటే అసలు సైట్ అనుకునేవాళ్లూ ఉన్నారు. మీకూ ఆ సైట్‌కూ మధ్య మాటలు దారిలో ఎవరూ వినలేరని మాత్రమే ఆ తాళం చెప్తుంది. అవతల ఉన్నది దొంగ కాదని చెప్పదు. దొంగ సైట్లకూ తాళం ఉంటుంది.

కాశీలో గదుల సంగతి కూడా అంతే. అక్కడ తెలుగువాళ్ల ఆశ్రమాలు, సత్రాలు ఉన్నాయి. వాటి పేర్లతోనే నకిలీ నంబర్లు తిరుగుతుంటాయి. గూగుల్‌లో మొదట వచ్చిన నంబరుకు ఫోన్ చేసి డబ్బు పంపకండి. మీ ఊళ్లో ఈ మధ్యే కాశీ వెళ్లొచ్చినవాళ్లు ఉండే ఉంటారు. వాళ్ల దగ్గర రసీదు తీసుకుని దానిమీదున్న నంబరుకు చేయండి. డబ్బు పంపేటప్పుడు యాప్‌లో వచ్చే పేరు చదవండి. 2025 జూన్ 30 నుంచి యూపీఐ యాప్‌లు అవతలివారి బ్యాంకు ఖాతాలో ఉన్న అసలు పేరే చూపించాలి. సత్రానికి కడుతున్నామనుకుంటుంటే తెరమీద ఎవరో ఒక మనిషి పేరు వస్తే అక్కడే ఆగిపోండి. ‘మా మేనేజర్ ఖాతా అండీ’ అంటారు. అననివ్వండి. దుకాణాల్లో క్యూఆర్ స్కాన్ చేసినప్పుడు కూడా ఇదే అలవాటు పనికొస్తుంది, ఎందుకంటే దుకాణదారు స్టిక్కర్ మీద ఇంకొకడు తన స్టిక్కర్ అతికించి పోతుంటాడు.

రైలు టికెట్ రద్దయినప్పుడు, రీఫండ్ ఆలస్యమైనప్పుడు కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతకొద్దు. రైల్వేకు 139 ఉంది. చార్టు తయారయ్యాక కూడా వెయిటింగ్‌లోనే మిగిలిన ఈ-టికెట్ డబ్బు దానంతట అదే, కట్టిన ఖాతాకే తిరిగొస్తుంది. దానికోసం ఓటీపీ చెప్పాల్సిన పని, యూపీఐ పిన్ కొట్టాల్సిన పని లేదు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే డబ్బు పోతోందని అర్థం. ‘మీ స్క్రీన్ చూపించండి మేడమ్, నేను సరిచేస్తా’ అని ఏదో యాప్ వేసుకోమన్నవాడితో ఇక మాటలు అనవసరం.

వాట్సాప్‌లో ‘గది బుకింగ్ వివరాలు’ అనో ‘టికెట్’ అనో పేరు పెట్టి, చివర ఏపీకే అని ఉండే ఫైలు వస్తే తెరవకండి. టికెట్ ఎప్పుడూ ఫొటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. ఏపీకే అంటే యాప్. అది ఫోన్‌లోకి దిగి మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఇచ్చారా, మీ ఓటీపీలు మీకంటే ముందు వాళ్లకు వెళ్తాయి. తెలిసినవాళ్ల నుంచి వచ్చినా ఇదే మాట, ఎందుకంటే వాళ్ల ఫోన్‌లో దిగిన యాప్ వాళ్లకు తెలియకుండానే అందరికీ పంపిస్తుంది. పొరపాటున నొక్కితే వెంటనే ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మీ వారి ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి.

ఇక రెండో చోటు. మీ ఫోన్‌కు పుస్తకంలా తెరుచుకునే ఫ్లిప్ కవర్ ఉందా? అందులో ఏటీఎం కార్డు, ఆధార్ కార్డు పెట్టుకుంటున్నారా? మన ఆడవాళ్లలో చాలామందికి ఈ అలవాటు ఉంది. ఫోన్, అందులో సిమ్, పక్కన కార్డు, వెనక ఆధార్. దొంగకు కావలసినవన్నీ ఒకే సంచిలో పెట్టి ఇచ్చినట్టే.

ఎందుకో చెప్తాను. మీ ఫోన్ లాక్‌లో ఉన్నా, దొంగ సిమ్ బయటకు తీసి తన ఫోన్‌లో వేసుకుంటే మీ నంబరు వాడిది అవుతుంది. యూపీఐ యాప్ కొత్త ఫోన్‌లో మొదలుపెట్టడానికి మొదట చూసేది సిమ్‌నే. యూపీఐ పిన్ తెలియకపోతే మార్చుకోవచ్చు. దానికి అడిగేది డెబిట్ కార్డు మీద చివరి ఆరు అంకెలు, కార్డు గడువు తేదీ, ఓటీపీ. ఆధార్ దారిలో అయితే ఆధార్‌లో మొదటి ఆరు అంకెలు, ఓటీపీ. ఓటీపీలు వచ్చేది ఆ సిమ్‌కే. కొన్ని బ్యాంకులు ఏటీఎం పిన్ కూడా అడుగుతాయి, అది కాస్త అడ్డు. కానీ ఆ పిన్‌ను కార్డు కవర్ మీదే పెన్నుతో రాసుకునేవాళ్లు మీ ఆడబిడ్డ వయసులో ఎంతమంది లేరు!

కాబట్టి ఇవాళే ఆ కవర్ ఖాళీ చేయండి. కార్డు మీ వారి దగ్గర, లోపలి జేబులో. అసలు ఆధార్లు ముగ్గురివీ మీ ఆడబిడ్డ సంచిలో. ఫోన్ మీ దగ్గర.

తర్వాత సిమ్‌కు పిన్ పెట్టించండి. ఫోన్ లాక్ వేరు, సిమ్ లాక్ వేరు. సిమ్ లాక్ ఉంటే, ఆ సిమ్ ఏ ఫోన్‌లో వేసినా ముందు నాలుగంకెల పిన్ అడుగుతుంది. మూడుసార్లు తప్పు కొడితే పీయూకే అనే ఇంకో నంబరు కొట్టేదాకా పనిచేయదు. నా లెక్కలో యాత్రకు ముందు చేసుకునే పనుల్లో దీన్ని మించింది లేదు, ఖర్చు సున్నా. కానీ ఒక జాగ్రత్త ఉంది. కంపెనీ మొదట ఇచ్చే పిన్ నెట్‌వర్క్‌ను బట్టి వేరుగా ఉంటుంది, ఊహించి కొట్టకండి. మీ నెట్‌వర్క్ స్టోరుకు వెళ్లి వాళ్ల ముందే పెట్టించుకోండి. ప్రయాణం రేపనగా కాదు, రెండు వారాల ముందు. ఫోన్ ఆపి, మళ్లీ పెట్టి, పిన్ కొట్టడం కొన్నిసార్లు సాధన చేయండి. అలాగే తెర లాక్‌లో ఉన్నప్పుడు మెసేజ్‌లోని మాటలు పైన కనబడకుండా సెట్టింగ్ మార్పించండి. లేకపోతే ఫోన్ తెరవకుండానే ఓటీపీ చదివేయొచ్చు.

మీ యాత్రలో ఫోన్ మీ చేతిలోంచి వెళ్లే సందర్భాలు దొంగతనం లేకుండానే చాలా ఉన్నాయి. కాశీ విశ్వనాథుడి గుడిలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. చుట్టుపక్కల పూలు, ప్రసాదం అమ్మే దుకాణాల్లో లాకర్లు ఇస్తారు, అక్కడ పెట్టి వెళ్లాలి. అయోధ్య రామమందిరంలో 2024 మే నుంచి ఫోన్లు నిషేధం, ట్రస్టు లాకర్లు ఉన్నాయి. కేదార్‌నాథ్ ఆలయంలోనూ ఫోన్లు వద్దన్నారు. కాశీలో దుకాణం లాకర్‌లో పెట్టాల్సి వస్తే ఫోన్ పూర్తిగా ఆఫ్ చేసి పెట్టండి. ఆఫ్ చేసి మళ్లీ వేస్తే వేలిముద్రతో తెరుచుకోదు, పిన్ కావాలి. సిమ్ కూడా పిన్ అడుగుతుంది. ముగ్గురూ ఒకేసారి లోపలికి వెళ్లాలని లేకపోతే, ఇంకా మంచిది, ఒకరు బయట ఉండి సామాను చూసుకోండి. వీలుంటే హోటల్ గదిలోనే వదిలి రండి.

దశాశ్వమేధ ఘాట్‌లో సాయంత్రం హారతి చూస్తూ అందరూ ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తుంటారు. జేబుదొంగలకు అది పండగ. అలాగే రైలు కదిలే సమయంలో కిటికీ పక్కన ఫోన్ పట్టుకుని కూర్చోవద్దు. ప్లాట్‌ఫాం మీద నుంచి లాక్కుని పరిగెత్తేవాడికి రైలే సాయం చేస్తుంది.

అసలు దొంగకు ఫోన్ కంటే పిన్ ముఖ్యం. రద్దీలో మీ వెనక నిలబడి మీరు పిన్ కొట్టడం చూసి, తర్వాత ఫోన్ కొట్టేసేవాళ్లు ఉంటారు. టీకి, రిక్షాకు, పడవకు పదేపదే పిన్ కొట్టే పని లేకుండా యూపీఐ లైట్ పెట్టుకోండి. మీ ఫోన్‌పేలోనే ఉంటుంది. అందులో ముందుగా కొంత డబ్బు వేసుకుంటే, వెయ్యి రూపాయల లోపు చెల్లింపులకు పిన్ అడగదు. మొత్తం 5 వేలకు మించి పట్టదు. పోతే పోయేది ఆ కాస్తే. కొండ మీద సిగ్నల్ నమ్మకం లేదు కాబట్టి నగదు కూడా ఉండాలి, ముగ్గురి దగ్గరా విడివిడిగా.

మీ పెన్షన్ డబ్బు, ఎఫ్‌డీలు ఉన్న ఖాతాను ప్రయాణంలో వాడకండి. ఇంకో ఖాతా ఉంటే దానికి యాత్ర ఖర్చులో సగం వేసుకుని, దాన్నే యూపీఐకి కలపండి. అయిపోతే అబ్బాయి పంపిస్తాడు. ఎఫ్‌డీలున్న ఖాతా తాలూకు బ్యాంకు యాప్‌ను ఆ నెలరోజులు ఫోన్‌లోంచి తీసేయడం మేలు. కార్డు విషయంలో, బ్యాంకు యాప్‌లో ఆన్‌లైన్ చెల్లింపులు, విదేశీ వాడకం, పిన్ లేకుండా తాకించి కట్టడం వేటికవే ఆపేసుకునే మీటలు ఉంటాయి. రిజర్వ్ బ్యాంకు చెప్పినందువల్ల 2020 అక్టోబర్ నుంచి అన్ని బ్యాంకులూ ఇవి ఇవ్వాలి. మీకు కావలసింది ఏటీఎంలో డబ్బు తీయడం ఒక్కటే. మిగతావన్నీ ఆపేయండి. తాకించి కట్టే పద్ధతిలో 5 వేల దాకా పిన్ అడగదని గుర్తుంచుకోండి.

హోటళ్లలో ఆధార్ జిరాక్స్ అడుగుతారు. మాస్క్డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసి ప్రింట్లు తీసుకెళ్లండి. అందులో చివరి నాలుగంకెలే కనబడతాయి. ముందు ఇది ఇచ్చి చూడండి. ఒప్పుకోకపోతే మామూలు జిరాక్స్ మీద ‘హోటల్ గది కోసం’ అని తేదీతో అడ్డంగా రాసి ఇవ్వండి. ఆధార్ అధికారిక యాప్‌లో వేలిముద్రలకు తాళం వేసుకునే వీలు కూడా ఉంది. మీకు ఎక్కడా వేలిముద్ర వేసే అవసరం లేకపోతే యాత్ర అయ్యేదాకా వేసి ఉంచొచ్చు.

ఇప్పుడు మీ అబ్బాయి భయాలు. చార్జింగ్ పాయింట్ ద్వారా ఫోన్‌లోని సమాచారం లాగేయొచ్చని 2011లోనే అమెరికాలో ఒక హ్యాకర్ల సదస్సులో చేసి చూపించారు. ఆ తర్వాత ఫోన్ల తయారీదారులు అడ్డుకట్టలు వేశారు. అందుకే ఇప్పుడు కేబుల్ పెట్టగానే ‘చార్జింగ్ మాత్రమేనా, ఫైళ్లు కూడానా’ అని ఫోన్ అడుగుతుంది. జాగ్రత్త అంతా ఇంతే: మీ సొంత చార్జర్‌ను గోడకున్న మామూలు కరెంటు ప్లగ్గులో పెట్టుకోండి. అందులోంచి కరెంటు తప్ప ఏదీ రాదు. రైల్లో బెర్తు పక్కనుండే ప్లగ్గు అలాంటిదే. కేబుల్ నేరుగా గుచ్చే చిన్న యూఎస్‌బీ రంధ్రాలు ఉంటే వదిలేయండి. కొన్ని రైళ్లలో అగ్నిప్రమాదాల భయంతో రాత్రి 11 నుంచి తెల్లవారు 5 దాకా ప్లగ్గులు ఆపేస్తారు, అందుకని మంచి పవర్ బ్యాంక్ ఒకటి కొనుక్కోండి. నిజానికి స్టేషన్ చార్జింగ్ పాయింట్‌లో ఉన్న ప్రమాదం వేరే ఉంది. ఫోన్ అక్కడ పెట్టి మనం దూరంగా కూర్చుని కునుకు తీస్తాం. డేటా సంగతి తర్వాత, ఫోనే ఉండదు.

స్టేషన్‌లో రైల్వైర్ వైఫై ఉంటుంది. ఫోన్ నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది, దానితో కలుస్తుంది. భజనలు వినడానికి, రైలు ఎక్కడుందో చూడటానికి వాడుకోండి. డబ్బు పనులకు మీ సిమ్ డేటానే వాడండి. అలా వాడేటప్పుడు వీపీఎన్, అంటే మన నెట్ రాకపోకలను దారిలో ఎవరూ చదవకుండా కప్పి పంపే యాప్, అవసరం నాకైతే కనబడదు. ఉచితంగా దొరికే వీపీఎన్ యాప్‌లలో మన సమాచారం అమ్ముకునేవి కూడా ఉన్నాయి కాబట్టి, తెలియనిది వేసుకోవడం కంటే వేసుకోకపోవడమే నయం. ఈ మాట మీ అబ్బాయికి చూపించండి, నాతో వాదించినా పర్వాలేదు.

ఇన్ని చేసినా ఫోన్ పోవచ్చు. అప్పుడు నంబర్లన్నీ ఆ ఫోన్‌లోనే ఉంటే ఎవరికి చేస్తారు? అందుకే ఒక కాగితం రాసి, మూడు కాపీలు తీసి ముగ్గురి దగ్గరా పెట్టండి. అబ్బాయి నంబరు, మీ సిమ్ కంపెనీ కస్టమర్ కేర్, ఏటీఎం కార్డు వెనక ఉండే బ్యాంకు నంబరు, 1930, 139, మీ ఫోన్ ఐఎంఈఐ నంబరు, అంటే ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య. స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే ఐఎంఈఐ తెరమీద వస్తుంది. కాగితం మీద పిన్‌లు మాత్రం రాయకండి.

ఫోన్ పోయిందని తెలిసిన క్షణంలో వెతుకులాటలో గంట గడిపేస్తాం. ఆ పని మీ వారు చూస్తారు. మీరు ఆయన బటన్ ఫోన్ తీసుకుని మొదట సిమ్ ఆపించండి, వెంటనే బ్యాంకుకు చెప్పి యూపీఐ, కార్డు ఆపించండి. ఫిర్యాదు నంబరు, టైము రాసుకోండి. రిజర్వ్ బ్యాంకు 2017 నిబంధనల ప్రకారం మీరు బ్యాంకుకు చెప్పిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుది. మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా ఎక్కడో జరిగిన మోసమైతే, బ్యాంకు నుంచి కబురు అందిన 3 పని దినాల్లోపు చెప్పినవారికి నష్టం అంటదు. ఓటీపీ మీరే చెప్పి ఉంటే మాత్రం, ఫిర్యాదు చేసేదాకా పోయింది మీ లెక్కలోనే పడుతుంది. అంటే గంటలు కూడా లెక్కే.

డబ్బు పోయి ఉంటే 1930. ఇది దేశమంతా ఒకటే నంబరు. మీరు చెప్పిన వివరాలు డబ్బు చేరిన బ్యాంకుకు వెళ్తాయి, అక్కడ ఇంకా ఖాతాలో మిగిలి ఉంటే ఆపేస్తారు. మోసగాళ్లు డబ్బును నిమిషాల్లో ఖాతాలు మారుస్తారు కాబట్టి, ‘ఇంటికెళ్లాక చూద్దాం’ అంటే అక్కడ ఏమీ మిగలదు. అక్కడివాళ్లు హిందీలో మాట్లాడితే మీకు ఇబ్బంది కావచ్చు. అప్పుడు అబ్బాయికి లావాదేవీ వివరాలు చెప్పి సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టించండి. ఫోన్ దొంగతనానికి పోలీసు ఫిర్యాదు ఎక్కడైనా ఇవ్వొచ్చు. ‘మా పరిధి కాదు’ అని తిప్పి పంపకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో జీరో ఎఫ్‌ఐఆర్ అందుకే పెట్టారు. రైల్లో అయితే రైల్వే పోలీసులకు ఇవ్వండి. ఆ కాపీతో కేంద్ర టెలికాం శాఖవారి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ఐఎంఈఐ ఇచ్చి ఫోన్‌ను బ్లాక్ చేయించొచ్చు. ఏ సిమ్ వేసినా పనిచేయకుండా పోతుంది. దొరికితే మళ్లీ తెరిపించుకోవచ్చు.

మీ అబ్బాయికి కూడా ఒక మాట ఉంది. కొండల్లో మీకు గంటల తరబడి సిగ్నల్ ఉండదు. ఆ సమయంలో ఎవడో ఫోన్ చేసి ‘మీ అమ్మగారు దారిలో పడిపోయారు, ఆస్పత్రిలో చేర్చాం, ముందు 40 వేలు పంపండి’ అంటే ఎంత సాఫ్ట్‌వేర్ అయినా చేతులు వణుకుతాయి. మీరు ఎక్కడున్నారో వాళ్లకెలా తెలుస్తుందంటే, వాట్సాప్ స్టేటస్, ఫేస్‌బుక్ ఫొటోలు. ఫొటోలు ఇంటికొచ్చాక పెట్టండి. డబ్బు మాట ఎవరు ఎత్తినా, మీ గొంతుతో వచ్చినా, మీ వారి బటన్ ఫోన్‌కు తిరిగి చేసి మాట్లాడకుండా పంపకూడదని ముందే అనుకోండి. దొరక్కపోతే మీ ముగ్గురికీ, అబ్బాయికీ తప్ప ఇంకెవరికీ తెలియని ఒక మాట పెట్టుకోండి. ఇంట్లో పాత ఆవు పేరో, మీ అత్తగారు పిలిచే ముద్దుపేరో. అది చెప్పలేనివాడికి రూపాయి వెళ్లదు.

మీ వారి సలహా విషయానికొస్తే, ఆయన భయంలో అర్థం ఉంది కానీ ఫోన్ ఇంట్లో పడేయడం కుదరదు. యాత్ర రిజిస్ట్రేషన్, రైలు టికెట్లు, దారి, వాతావరణ హెచ్చరికలు అన్నీ ఈ రోజుల్లో ఫోన్‌కే వస్తాయి. కొండ మీద రోడ్డు మూసుకుపోతే ముందు తెలిసేది అందులోనే. ఆయన బటన్ ఫోన్ మాత్రం తప్పకుండా తెమ్మనండి. ఆ ఫోన్ నంబరు మీ బ్యాంకులో ఎక్కడా కలపకుండా అలాగే ఉంచండి. రిజిస్ట్రేషన్ పత్రాలు, టికెట్లు రెండు సెట్లు ప్రింట్ తీసి ఒక సెట్ ఆయన సంచిలో పెట్టండి. సిమ్ పిన్ పనికి ఈ వారంలోనే స్టోరుకు వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆధార్ తీసుకెళ్లడం మర్చిపోకండి.